జేజినాయన ఎడమ మీట

ఈ ఏడు ఈస్టరుకు ముందురోజు కర్నూలులో బస్సెక్కి కడపలో తమ్ముడింటికి వెళ్లాను. వాడి కొడుకు దగ్గర ఒక ఆటల డబ్బా ఉంది. అరచేతిలో పట్టేంతే ఉంటుంది గానీ, చిన్నప్పుడు మేము టీవీకి తగిలించుకుని ఆడిన ఆటలన్నీ అందులో కుక్కి పెట్టారు. వాడు దాన్ని నా చేతిలో పెట్టి, "అత్తా, మీ కాలందేదైనా ఆడు, జూస్తా" అన్నాడు. "మీ కాలం" అనేసరికి కొంచెం ఉడుక్కున్నాను. వెతికి వెతికి పిన్‌బాల్ పెట్టాను. నల్లటి తెర, తెల్లటి గోలీ, కింద అటొకటి ఇటొకటి రెండు మీటలు. గోలీ పైనుంచి అక్కడా ఇక్కడా తగులుకుంటూ దొర్లుకొచ్చి, సరిగ్గా రెండు మీటల నడిమి సందుకు గురిపెట్టింది. నా నడుం దానంతట అదే కుర్చీలో పక్కకు ఒరిగింది, భుజం లేచింది, పళ్లు బిగుసుకున్నాయి. గోలీ మాత్రం పడాల్సిన చోటే పడింది. వాడు పడీపడీ నవ్వాడు. "నువ్వు వంగితే అది వంగదత్తా. దీంట్లో బల్లను తోసేదానికి వేరే బటన్ ఉండాది, సూడు" అని చూపించాడు. నాకు నవ్వు రాలేదు. మా ఇంట్లో పిన్‌బాల్ ఆడిన రోజుల్లో ఆ బటన్ ఉండి ఉంటే మా జేజినాయన ఎడమ చెయ్యి ఏమయ్యేదో అనుకుంటూ డబ్బా పక్కన పెట్టాను.

జేజినాయన అంటే మా నాన్నకు నాన్న. పేరు ఏసోబు. వారంలో ఆరు రోజులు బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని, ఏడోరోజు చర్చిలో హార్మోనియం. మా అమ్మా నాన్నా రాయచోటి దగ్గర పల్లెల్లో టీచర్లు కాబట్టి, చదువు కోసమని నన్ను కడపలో జేజి దగ్గరా జేజినాయన దగ్గరా ఉంచారు. ఆ ఇంట్లో బండ కానిది మేము ముగ్గురమే. నేల బండ, అలమర అరలు బండ, బట్టలుతికేది బండ, రొట్టె తట్టేది బండ. ఫ్యాక్టరీలో అంచు విరిగిన ప్రతి బండకూ మా ఇంట్లో ఏదో ఒక ఉద్యోగం దొరికేది. టీవీ పెట్టడానికి కూడా ఆయనే గోడలోకి దించి ఒక బండ నిలబెట్టాడు. దాని మీద ఏనుగు నిలబడినా కదలదని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. సాయంత్రం ఆయన ఇంట్లోకి వస్తే తడిసిన రాతిపొడి వాసన ముందు వచ్చేది, ఆయన తర్వాత వచ్చేవాడు. జేజి నీళ్లు తోడిపెట్టి, "ముందు ఆ కొండను కడుక్కుని రా, తర్వాత మాట్లాడుదువు" అనేది.

శనివారం మాత్రం రాతి వాసన ఉండేది కాదు. ఆరోజు పని నుంచి పెందలాడే వచ్చి స్నానం చేసి, చర్చి నుంచి మోయించుకొచ్చిన హార్మోనియం పెట్టెను నడవలో పెట్టి మూత తీసేవాడు. నాఫ్తలిన్ ఉండల వాసన గుప్పుమనేది. మెత్తటి గుడ్డకు చుక్క కొబ్బరినూనె అద్ది ఒక్కో మెట్టూ తుడిచేవాడు. ఎలుకలు కొరికిన తిత్తికి తోలుముక్కలు అతికేవాడు. నేను వేలు పెట్టబోతే వేలు మీద ఒకటి వేసేవాడు, నొప్పి పెట్టకుండా. వంటింట్లోంచి జేజి, "నలభై ఏండ్లు కాపురం జేసినా, నా మొగాన్ని ఒక్కనాడన్న అంత సేపు సూసినాడా ఈ మనిషి?" అని గోడలకు చెప్పేది. ఆయన జవాబుగా ఏదో ఒక రాగం వాయించేవాడు. అది విని జేజి మెత్తబడేది. మెత్తబడినట్టు ఒప్పుకునేది మాత్రం కాదు.

నేను ఏడో తరగతిలో ఉండగా, క్రిస్మస్ ఇంకా కొన్నాళ్లుందనగా, ఆయనకు పక్షవాతం వచ్చింది. మూతి, కాలు తొందరగానే సర్దుకున్నాయి. ఎడమ చెయ్యి మాత్రం పడిపోయింది. పావురాయి రక్తం రుద్దమని ఒకరు, ఏదో ఊరి పసరు తాగించమని ఇంకొకరు చెప్పారు. జేజి అందరికీ సరేనంటూ తలూపి, నువ్వులనూనె కాచి తన చేత్తో తానే రుద్దింది. డాక్టరు ఒక్కటే చెప్పాడు. వేళ్లు ఆడించాలి, రోజూ ఆడించాలి, విసుక్కోకూడదు. పిసకడానికి రబ్బరు బంతి ఇచ్చాడు. జేజినాయన రెండ్రోజులు పిసికి, మూడోరోజు కుడిచేత్తో దాన్ని వీధిలోకి విసిరేశాడు. ఆ విసురు చూస్తే కుడిచెయ్యి బ్రహ్మాండంగా ఉందని తెలిసింది.

హార్మోనియానికి రెండు చేతులూ కావాలి. ఎడమచెయ్యి వెనక తిత్తి ఆడిస్తేనే కుడిచేతి కింద మెట్లు పలుకుతాయి. గాలి లేకపోతే అది కొయ్యపెట్టె. గాలి తాను కొడతానని జేజి ముందుకొచ్చింది. పెట్టెకు అటు ఆమె, ఇటు ఆయన కూర్చున్నారు. పాట మొదలైంది. ఆమె ముందు ఆవేశంగా కొట్టింది, మధ్యలో పొయ్యి మీద పాలు గుర్తొచ్చి ఆపింది, మళ్లీ గుర్తొచ్చి రెట్టింపు కొట్టింది.

"నువ్వు గాలి కొడతాండావా, పొయ్యి ఊదుతాండావా?" అని ఆయన అరిచాడు.

"పాట నీదైతే గాలి నాది. నాకు చేతనైనట్ల కొడతా" అని ఆమె అరిచింది.

నేను కొడతానంటే నన్నూ వద్దన్నాడు. "గాలి ఒకరిది, మెట్ల మీద యేళ్లు ఒకరివి అయితే, ఆ పాట ఎవరిది మే?" అన్నాడు. ఆ క్రిస్మస్‌కు చర్చిలో చప్పట్లతో, గంజిరాతో పాడారు. ఆయన వెనక వరుసలో కూర్చుని, కుడిచేతి వేళ్లతో తొడ మీద వాయించుకున్నాడు. ఆయన తొడను చూడలేక నేను ఎక్కడెక్కడో చూశాను.

కొత్త సంవత్సరం వచ్చాక చర్చి సంఘపెద్ద ఇంటికొచ్చాడు. మంచివాడే. జేజి పెట్టిన ఉగ్గాని సగం తిన్నాక గానీ వచ్చిన పని చెప్పలేకపోయాడు. "ఏసోబన్నా, రాయచోటిలో ఒక పిల్లోడు కీబోర్డు వాయిస్తాడంట. గాలి కొట్టే పని గూడ ల్యా దానికి. ఈస్టరు వరకు సూస్తాంలే. అప్పటికీ నీకు చెయ్యి రాకుంటే..." అని ఆగి, మిగతా ఉగ్గాని తినకుండా లేచాడు. ఆయన వెళ్లాక జేజినాయన చాలాసేపు తన ఎడమ చేతిని కుడిచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకుని, పొరుగువాళ్ల బిడ్డను చూసినట్టు చూశాడు. ఆ హార్మోనియం పోతే ఆయన ఏమవుతాడో పన్నెండేళ్ల దాన్ని నాకే అర్థమైంది, జేజికి అర్థం కాకుండా ఉంటుందా? ఆ రాత్రి ఆమె ఎవరితోనూ పోట్లాడలేదు.

అప్పుడొచ్చాడు మా చిన్నాయన. బండల లారీ నడిపేవాడు, మద్రాసు వైపు తిరిగేవాడు. వెళ్లిన ప్రతిసారీ ఎవరికీ అవసరం లేని వస్తువొకటి తెచ్చేవాడు. ఆసారి టీవీ గేమ్ తెచ్చాడు. దాంతో వచ్చిన పచ్చ క్యాసెట్టు మీద వెయ్యిన్నొక్క ఆటలని రాసి ఉంది. పెట్టి చూస్తే ఉన్నవి ఏడు ఆటలే, అవే తిరిగి తిరిగి వస్తున్నాయి. అందులో నాలుగోది పిన్‌బాల్. దాంట్లో ఎడమ మీట లేవాలంటే రిమోట్‌లో ఎడమ పక్క బాణం నొక్కాలి, కుడి మీట లేవాలంటే కుడి పక్క గుండీ నొక్కాలి. చిన్నాయన రెండు చేతులతో రిమోట్ పట్టుకుని కాసేపు ఆడి, ఉన్నట్టుండి ఆపి, "నాయనా, ఇది హార్మోనీ మాదిరే ఉండాది గదా" అన్నాడు. ఆయన జీవితంలో తెచ్చిన వస్తువుల్లో పనికొచ్చింది అదొక్కటే.

పెద్దమనిషి గోలీలాట ఆడటమేంటని జేజి మొదట ముక్కు విరిచింది. డాక్టరు చెప్పిన వ్యాయామమే ఇది అని చిన్నాయన ప్రమాణం చేస్తే ఒప్పుకుంది. ఒప్పుకున్నాక దాన్ని ఆట అననివ్వలేదు. మా ఇంట్లో దాని పేరు మందు. మా బడి పొద్దుటి షిఫ్టే కాబట్టి, ఒంటిగంటకు నేను రాగానే, సంగటీ చెనక్కాయల ఊరుబిండీ పెట్టి, "తిని మీ జేజినాయనకు మందెయ్ మే" అనేది. అంటే టీవీ పెట్టమని. రిమోట్ వైరు పొట్టిది కాబట్టి బండకు ఆనుకుని కుర్చీ వేసుకోవాలి. ఆయన ఎడమ చెయ్యి పట్టు నిలవదు కాబట్టి, జేజి పాత చీర పేలికతో రిమోట్‌ను ఆ చేతికి కట్టేది, బొటనవేలు సరిగ్గా బాణం మీద ఉండేట్టు. ఆదివారం మాత్రం మందు లేదు. ఆరోజు రోగం కూడా విశ్రాంతి తీసుకోవాలని ఆమె అభిప్రాయం.

ఆ ఆటలో అంత రుచి ఏముందో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేను. మిగతా ఆటల్లో నువ్వే పరుగెత్తాలి, దూకాలి, కాల్చాలి. ఇందులో గోలీ తన ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. అది కిందికి వచ్చినప్పుడే నీకు పని. అది పైన ఉన్నంతసేపూ నోరు తెరుచుకుని చూడటమే. జేజినాయనకు ఇది బాగా పట్టింది. "వేరే ఆటల్లో గెలిచేది ఉంటాది. దీంట్లో గెలిచేది ల్యా మే, పడకుండా ఉండేదే" అనేవాడు. ఎప్పటికైనా పడుతుందని తెలిసీ, ఇంకొక్కసారి పైకి కొట్టడంలో ఆయనకు ఏం కనిపించిందో, అప్పుడు నాకు తెలియదు. నాకు కావాల్సింది లక్ష పాయింట్లు. మా తరగతిలో ఒకమ్మాయి వాళ్లింట్లో లక్ష దాటిందని చెప్పింది. అబద్ధమని తెలుసు, అయినా ఒళ్లు మండింది.

కుడి మీట టకటకా లేచేది. ఎడమ మీట చచ్చిన బల్లితోకలా పడి ఉండేది. గోలీ ఎడమ పక్కకు వచ్చిందంటే చాలు, ఆయన మొహమంతా ముడుచుకుని, నుదుటి మీద నరం ఉబ్బి, అంతా అయ్యాక ఆ వేలు కొంచెం వణికేది. అప్పటికి గోలీ ఎప్పుడో పోయేది. నాలుగు రోజులు ఓర్చుకున్నాను. ఐదోరోజు గోలీ ఎడమకు రాగానే ఆయన బొటనవేలి మీద నా బొటనవేలు పెట్టి నొక్కేశాను. గోలీ ఎగిరింది. ఆయన కుడి మీటతో ఆట అందుకున్నాడు. ఆరోజు నుంచి మేమిద్దరం ఒక మనిషిలా ఆడాం. కుడి ఆయనది, ఎడమ నాది. పాయింట్లు పెరిగాయి. నలభై వేలు, యాభై వేలు. ఆయన చెయ్యి మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది, నేను దాన్ని గమనించనే లేదు.

ఆడుతూ ఆడుతూ ఆయన వంగేవాడు. గోలీ నడిమి సందుకు వస్తుంటే పొట్టతో బండను నెట్టేవాడు. ఎందుకని అడిగితే ఒకరోజు చెప్పాడు. పెళ్లికి ముందు దర్గా ఉరుసులో మేకుల బల్ల ఆట ఉండేదట. స్ప్రింగు కర్రతో గోలీని కొడితే అది మేకుల మధ్య దొర్లి ఏదో ఒక గుంటలో పడుతుంది. గుంటను బట్టి దువ్వెనో, అద్దమో, సబ్బుపెట్టో ఇస్తారు. ఈయన బల్లకు పొట్ట ఆనించి, ఎవరికీ తెలియకుండా ఒక చిన్న తోపు తోసేవాడు. గోలీ దారి మార్చుకునేది. ఆట నడిపే సాయిబు మూడోరోజుకు కనిపెట్టి, ఈయన వరుసలో నిలబడగానే అరిచేవాడట, "పొట్ట తియ్యప్పా ఏసోబూ, పొట్ట తియ్యి!" అని.

జేజి వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "పెండ్లిలో నాకిచ్చిన సబ్బుపెట్టె... మద్రాసు నుంచి తెప్పిచ్చినా అంటివి?"

జేజినాయన తెర వైపు చూస్తూ, "గోలీ వస్తాంది, మాట్లాడొద్దు" అన్నాడు. ఆ వారమంతా జేజి ఆయనకు అన్నం పెట్టేటప్పుడు "పొట్ట తియ్యప్పా" అంటూ పెట్టింది. తర్వాత ఆ మాట మా ఇంట్లో స్థిరపడిపోయింది. పరీక్షలో చూసి రాయొద్దన్నా, మాంసం కూరలో ముక్కలు ఏరుకోవద్దన్నా, మాకు అదే మాట.

టీవీ గేమ్‌లో పొట్ట పనిచేయదు. అక్కడ తోయడానికి బల్లే లేదు, ఉన్నది వెలుతురు ఒక్కటే. దాని కింద ఉన్న బండేమో ఏనుగుకు కూడా కదలదు. నడిమి సందుకు గురిపెట్టిన గోలీని ఎడమ మీటా ఆపలేదు, కుడి మీటా ఆపలేదు. "ఇదేం ఆట మే! ఆ ఉరుసు బల్లకు మనం ఉండామని తెలిసేది. దీనికి మనం ఉండేదే తెల్దు" అని ఆయన నిజంగా నొచ్చుకునేవాడు. ఈ ఆటకు ఉన్న లోటు ఇంత బాగా ఇంకెవరూ చెప్పగా నేను వినలేదు.

ఒకరోజు మా స్కోరు డెబ్బై వేలు దాటింది. నేను కేకలు పెడుతున్నాను. జేజి మజ్జిగ గ్లాసులతో వచ్చి, తెర వైపు కాకుండా మా చేతుల వైపు చూసింది. గ్లాసులు బండ మీద పెట్టి, నా బొటనవేలిని పట్టుకుని పైకి లేపింది.

"మందు నువ్వు మింగితే రోగం ఆయనకు పోతాదా మే?" అంది.

అరిచి ఉంటే ఎదురు చెప్పేదాన్ని. ఆమె మెల్లగా అంది. ఈస్టరు ఇంకా ఐదు వారాలే ఉంది. ఇన్ని రోజుల మందు నేను మింగేశానని, నా లక్ష కోసం ఆయన చేతిని ఆలస్యం చేశానని ఒక్కసారిగా తెలిసి, సిగ్గుతో చచ్చిపోయాను. పెరట్లో ఉతికే బండ మీద కూర్చుని ఏడ్చాను. జేజినాయన మెల్లగా నడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. "నాకు తెలుసులే మే. నా యేలు మీద నీ యేలు యెచ్చగా తగుల్తానే ఉండె" అన్నాడు. మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. "గోలీ పడితే నీ మొగం జూడలేక" అన్నాడు. నేనూ ఆయన మొహం చూడలేకే నొక్కానని చెప్పబోయాను. సగమే నిజం కాబట్టి ఊరుకున్నాను.

ఆ తర్వాత నన్ను కుర్చీకి రెండు బండల దూరంలో కూర్చోబెట్టారు. ఆయన ఒక్కడే ఆడేవాడు. ఐదు వేలు, మూడు వేలు, ఆరు వేలు. వేలు వణకడం నుంచి వంగడం దాకా వచ్చింది. మీట ఒకసారి లేచేది, పదిసార్లు లేచేది కాదు. ఈస్టరు మూడు వారాలు ఉందనగా ఒక మధ్యాహ్నం గోలీకి ఏం బుద్ధి పుట్టిందో, అంతసేపూ కుడి పక్కే తిరిగింది. ఆయన కొడుతూనే ఉన్నాడు. ఎనభై వేలు. తొంభై వేలు. నేను నోరు రెండు చేతులతో మూసుకున్నాను. లక్షకు ఇంకా కాస్త ఉందనగా గోలీ ఎక్కడో తగిలి, తీరిగ్గా, దారి తెలిసిన మనిషిలా నడిమి సందు వైపు దిగింది.

"అరే, నీ!" అంటూ జేజినాయన లేచి టీవీని రెండు చేతులతో పట్టుకుని ఒక్క తోపు తోశాడు.

రెండు చేతులతో. ఎడమ చేతికి కట్టిన రిమోట్ టీవీకి ఠప్పున తగిలింది. టీవీ బండ మీద జానెడు జరిగింది, వైరు ఊడింది, తెర నల్లబడింది. గోలీ పడిందో, దారి మార్చుకుందో మాకెవరికీ తెలియదు. జేజి పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. జేజినాయన ఎడమ చెయ్యి ఇంకా టీవీ పక్కన ఆనే ఉంది, భుజం ఎత్తున. ఆయన దాని వైపు చూశాడు. అది కింద పడిపోయింది.

"ఇంగోతూరి ఎత్తు" అంది జేజి. లేవలేదు. "కోపం దెచ్చుకో" అంది. రాలేదు. "నువ్వు సబ్బుపెట్టె దొంగవి" అంది. ఆయన నవ్వాడు, ఆమె ఏడ్చింది, రొట్టె మాడిపోయింది. మూడోరోజు పొద్దున జేజి చిన్న గ్లాసులో కాఫీ పెడితే, ఆయన ధ్యాసలో లేక దాన్ని ఎడమ చేత్తో అందుకోబోయాడు. అప్పటి నుంచి అది రావడం మొదలుపెట్టింది. ప్రార్థన వల్లేనని చర్చిలో వాక్యం చెప్పే అయ్యగారు, నూనె వల్లేనని జేజి, వ్యాయామం వల్లేనని డాక్టరు, క్యాసెట్టు వల్లేనని చిన్నాయన అన్నారు. టీవీలో మనుషులు మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ కొంచెం ఒక పక్కకు ఒరిగే కనబడ్డారు.

ఈస్టరు తెల్లవారుజామున చర్చికి వెళ్లాం. కీబోర్డు పిల్లవాడు రాయచోటి నుంచి ముందురోజే వచ్చి గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు. సంఘపెద్ద ఎవరి మొహమూ చూడటం లేదు. జేజినాయన హార్మోనియం మూత తీసి, ఎడమ చేతిని కుడిచేత్తో ఎత్తి తిత్తి మీద పెట్టుకున్నాడు. గాలి వచ్చింది. పండగ పాట మొదటి చరణం బాగా సాగింది. రెండోదాంట్లో ఆయన నుదుటి మీద నరం ఉబ్బడం ఆడవాళ్ల చాపల మీద నుంచి నాకు కనిపించింది. మూడో చరణంలో తిత్తి వెనకబడింది, మెట్లు పలికీ పలకనట్టు మూలిగాయి. నేను లేచి, ఎవరేమనుకున్నా పట్టించుకోకుండా వెళ్లి, ఆయన ఎడమ చేతి మీద నా చెయ్యి వేశాను. ఈసారి లక్ష కోసం కాదు.

ఆయన తల తిప్పకుండానే అన్నాడు, "పొట్ట తియ్ మే."

నా చెయ్యి తీశాను. అంత కష్టమైన పని నేను మళ్లీ ఎప్పుడూ చేయలేదు. తిత్తి మెల్లగా, ఇంకా మెల్లగా ఆడింది. అప్పుడు వెనక చాపల మీద నుంచి జేజి గొంతు వినబడింది. తన వేగం తప్ప ఎవరి వేగమూ పట్టని మనిషి, ఒక్కో మాటనూ సాగదీసి, ఆ చెయ్యి వెళ్లి వచ్చేదాకా ఆగి, తర్వాతి మాట అందుకుంటోంది. ఆమె పక్కవాళ్లు ఆమెతో ఆగారు. తర్వాత మగవాళ్లు, సంఘపెద్ద, అయ్యగారు. ఏనుగుకు కదలని బండలాంటి మా సంఘం, ఆయన వైపు కొంచెం జరిగింది. పాట పూర్తయింది. కీబోర్డు పిల్లవాడు పలావు తిని మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయాడు.

జేజినాయన ఆ తర్వాత తొమ్మిది ఈస్టర్లు వాయించాడు. ఇప్పుడు ఆయనా లేడు, జేజీ లేదు. హార్మోనియం తిత్తిని ఎలుకలు పూర్తిగా తినేశాయి. తమ్ముడి కొడుకు డబ్బాలో బల్లను తోయడానికి బటన్ ఉంది, మరీ ఎక్కువ తోస్తే ఆట ఆగిపోతుందట. తోపుకు కూడా లెక్క పెట్టి అమ్ముతున్నారు, మంచిదే. ఏ ఇంట్లోనూ టీవీలు ఒరిగిపోవు. ఈ ఈస్టరు ఉదయం వాడే ఆ చర్చిలో కీబోర్డు ముందు కూర్చున్నాడు. పండగ పాటకు హుషారుగా తాళం పెట్టాడు. మొదటి చరణానికే ముసలమ్మలు వెనకబడ్డారు. వాడు వేగం తగ్గించాడు, వాళ్లు ఇంకా వెనకబడ్డారు. చివరికి విసుగొచ్చి తాళం ఆపేసి, వాళ్ల వెంట వాయించాడు.

బయటికొచ్చాక అడిగాడు, "ఈ పాట వేరే చర్చిల్లో శానా స్పీడుగా పాడతారత్తా. మన దాంట్లో మాత్రం ఎందుకిట్ల ఈడుస్తారు? ఎవురినడిగినా, ముందు నుంచీ ఇంతే అంటాండారు."

నేను వాడి ఎడమ చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడుస్తూ చెప్పాను.